జానాబెత్తెడు రబ్బరు

హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌లో పసుపు రంగు రోల్స్ రాయిస్ ఒకటుంది. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ సింహాసనం లాంటి సీటుతో తయారు చేయించుకోవాలని ఆర్డరిచ్చి, అది చేతికందక ముందే 1911లో కన్నుమూశాడు. కారు 1912 నాటిది. చూడవచ్చిన వాళ్లు సీటు చూస్తారు, దీపాలు చూస్తారు, వంగి కింద చూసేవాళ్లు తక్కువ. పాత కార్ల మీద నిజంగా మోజున్నవాడు చూడాల్సింది అక్కడే. ఆ బండి బ్రేకుల్లో ఒత్తిడి మోసే ద్రవం లేదు, రబ్బరు గొట్టం లేదు. ముందు చక్రాలకు అసలు బ్రేకులే లేవు. ఉన్నవి ఇనుప కడ్డీలతో, లివర్లతో పనిచేస్తాయి. వందేళ్లు దాటినా వాటికి పట్టే జబ్బులు కంటికి కనిపించేవే: తుప్పు, అరుగుదల, వదులు. అందులో సగం వయసు కూడా లేని అంబాసిడర్ సంగతి వేరు. దాని ముందు చక్రాల దగ్గర రెండు, వెనక ఇరుసు దగ్గర ఒకటి, జానాబెత్తెడు పొడవున్న రబ్బరు హోసులు ఉంటాయి. టన్నుకు పైగా బరువున్న బండి ఆగడం, ఆగకపోవడం వాటి చేతిలో ఉంది. పైకి నల్లగా నిగనిగలాడుతూనే లోపల కుళ్లిపోవడం వాటికి మాత్రమే చేతనవును. పాత కారు ప్రేమికులు ‘ఒరిజినల్’ అన్న మాటను దేవుడి పేరులా పలుకుతారు. బంపరు విషయంలో, డాష్‌బోర్డు విషయంలో ఆ భక్తి సబబే. బ్రేకు హోసు దగ్గర మాత్రం అది చెల్లదని నా వాదన. ఆ గొట్టాన్ని కనిపెట్టినవాళ్లు, బిగించినవాళ్లు, దానికి నిబంధనలు రాసినవాళ్లు ఒక్కరు కూడా దాన్ని కారుతో పాటు బతికే భాగంగా ఎంచలేదు. ముప్పై నలభై ఏళ్లు బండిని అంటిపెట్టుకుని ఉండే ‘ఒరిజినల్ హోసు’ అన్నది తయారీదారుల ఉద్దేశంలో లేదు. అది మన కొరత రోజుల్లో పుట్టిన అలవాటు.

కడ్డీల బ్రేకులకు పుట్టుకతోనే ఒక లోపం ఉంది. నాలుగు చక్రాలకూ సమానంగా బలం పంచడం వాటి తరం కాదు. ఒక తీగ కాస్త సాగినా, ఒక పిన్ను కాస్త అరిగినా ఆ చక్రం వెనకబడుతుంది. తొక్కగానే బండి ఓ పక్కకు లాగుతుంది. పైగా ముందు చక్రాలు స్టీరింగుతో తిరుగుతాయి, గుంతల్లో పైకీ కిందికీ ఊగుతాయి. వాటిదాకా కడ్డీని తీసుకెళ్తే, మలుపు తిప్పినప్పుడల్లా బ్రేకు దానంతటదే పట్టుకోకుండా చూడడం పెద్ద చిక్కు. చాలాకాలం వెనక చక్రాల బ్రేకులతోనే జనం సరిపెట్టుకోవడానికి ఇదొక కారణం. ద్రవానికి ఈ బాధ లేదు. మూసిన పాత్రలో ఒకచోట ఒత్తిడి పెడితే అన్ని వైపులకూ అదే ఒత్తిడి అందుతుందని పాస్కల్ పదిహేడో శతాబ్దంలోనే చెప్పి పెట్టాడు. ఆ సూత్రాన్ని మోటారు బండికి ఎక్కించినవాళ్లలో ముందు చెప్పుకోవాల్సింది మాల్కం లాక్‌హీడ్ పేరు. తమ్ముడు అలన్‌తో కలిసి విమానాలు కట్టినవాడు, 1919లో ఆ పని వదిలేసి డెట్రాయిట్‌లో హైడ్రాలిక్ బ్రేకుల కంపెనీ పెట్టాడు. అమ్మకానికి వచ్చిన కార్లలో నాలుగు చక్రాలకూ హైడ్రాలిక్ బ్రేకులు పెట్టిన మొదటిదిగా 1921 నాటి డ్యూసెన్‌బర్గ్ ‘మోడల్ ఏ’ పేరు చెబుతారు. అందులో తిరిగే చక్రం దాకా ద్రవాన్ని తీసుకెళ్లడానికి మెత్తని గొట్టాల మీద ఆధారపడలేదు. బోలు ఇరుసులోంచి, చక్రం తిరిగే కింగ్ పిన్నులోంచి గ్లిజరిన్ కలిపిన నీళ్లను పంపారు. ఇంజనీరింగ్ చూస్తే ముచ్చటగానే ఉంటుంది. కానీ తిరిగే కీలు దగ్గర ఒత్తిడితో ఉన్న ద్రవాన్ని చుక్క కారకుండా ఆపడం ఎంత కష్టమో, అంత ఖరీదు. పది మందీ కొనే కారుకు అది కుదరదు. వంగగలిగే గొట్టం ఒక్కటే దారి. రబ్బరు గొప్పదని ఎవరూ దాన్ని ఏరుకోలేదన్న సంగతి ఇక్కడే గుర్తుపెట్టుకోవాలి. గత్యంతరం లేక ఒప్పుకున్న రాజీ అది.

రాజీని జనంలోకి తెచ్చింది వాల్టర్ క్రైస్లర్. 1924లో ఆయన పేరుతో వచ్చిన మొదటి కారుకు నాలుగు చక్రాలకూ హైడ్రాలిక్ బ్రేకులు ఉన్నాయి. మధ్యతరగతిలో కాస్త పైమెట్టు మీద ఉన్నవాళ్లు కొనగలిగిన ధరలో అలాంటి బ్రేకులు అప్పటికి అరుదు. లాక్‌హీడ్ పద్ధతిలో మొదట సిలిండరు లోపల తోలు కప్పులు ఉండేవి. అవి ఎండితే కుంచించుకుపోయి కారేవి. క్రైస్లర్ ఇంజనీర్లు వాటి బదులు రబ్బరు కప్పులు పెట్టి ఆ కారడాన్ని ఆపారు. అప్పటినుంచీ బ్రేకు వ్యవస్థలో రెండుచోట్ల రబ్బరు కుదురుకుంది: సిలిండర్లలో కప్పుల రూపంలో, చక్రాల దగ్గర హోసుల రూపంలో. దాంతో ఇంకో ప్రశ్న లేచింది. ఈ రబ్బరును తినేయని ద్రవం ఏది? ఇంజనాయిలు లాంటి ఖనిజ తైలం తగిలితే సహజ రబ్బరు ఉబ్బి, మెత్తబడి, జిగురవుతుంది. అందుకే తొలి దశాబ్దాల బ్రేకు ఆయిల్ ఆముదంలో ఆల్కహాల్ కలిపి చేసింది. ఆముదం రబ్బరును ఏమీ చెయ్యదు, కప్పులు జారడానికి జిడ్డునిస్తుంది. చలికి గట్టిపడకుండా ఆల్కహాల్ చూసుకుంటుంది. నల్లగొండ, పాలమూరు మెట్ట చేలల్లో ఆముదం వేసే తెలుగు రైతుకు ఆ పంట విలువ చెప్పక్కర్లేదు. నిజాం రాజ్యంలో అదొక ముఖ్యమైన పంట. అయితే దీపానికీ తలకూ వాడే ఆ నూనే అమెరికాలో మోటారు కారును ఆపిందని మన పాఠ్యపుస్తకాల్లో ఎక్కడా కనబడదు. ఈ నాటికీ బ్రేకు కప్పులకు రాసే ఎర్ర గ్రీజు ఆముదంతో చేసేదే.

ద్రవానికీ రబ్బరుకూ మధ్య ఉన్న ఈ సంబంధం చాలా పట్టింపులు గలది. ఫ్రాన్సులో 1955లో వచ్చిన సిట్రోయెన్ డి.ఎస్. కారు బ్రేకులూ సస్పెన్షనూ ఒకే హైడ్రాలిక్ ఒత్తిడితో నడిచేవి. 1960ల రెండో సగంలో ఆ కంపెనీ ఎర్ర ద్రవం వదిలేసి ఆకుపచ్చని ఖనిజ తైలానికి మారినప్పుడు, కొత్త బండ్లలో రబ్బరు సీళ్లన్నిటినీ వేరే రకం రబ్బరుతో చేయాల్సొచ్చింది. ఎర్ర బండిలో పచ్చది పోసినా, పచ్చ బండిలో ఎర్రది పోసినా లోపలి రబ్బరంతా పాడే. మామూలు కార్లలోనూ, అంత నాటకీయంగా కాకపోయినా, ఇదే కథ. ఆముదంలో కలిపిన ఆల్కహాల్ తక్కువ వేడికే ఆవిరవుతుంది. ఘాట్ రోడ్డు దిగుతూ బ్రేకు మీద కాలు పెట్టి ఉంచితే గొట్టాల్లో ఆవిరి బుడగలు చేరి, పెడల్ నేల దాకా దిగిపోతుంది. కాబట్టి రెండో ప్రపంచ యుద్ధం తర్వాత క్రమంగా గ్లైకాల్ ద్రవాలు వచ్చాయి. ఇప్పుడు డబ్బా మీద డాట్ 3, డాట్ 4 అని కనబడేవి అవే. కొత్త డాట్ 3 మరగాలంటే కనీసం 205 డిగ్రీల సెల్సియస్ కావాలి. డాట్ 4 అయితే 230. కానీ గ్లైకాల్ గాలిలో తేమను పీలుస్తుంది. ఆ తేమ చేరాక ఈ అంకెలు 140కి, 155కి పడిపోతాయి. తేమ ఎక్కడినుంచి వస్తుంది? రిజర్వాయరు మూతలోంచి మాత్రమేనని చాలామంది అనుకుంటారు. రబ్బరు హోసు గోడల్లోంచి కూడా వస్తుంది. పైన చుక్క కారకపోయినా, గొట్టం ఏళ్ల తరబడి బయటి తడిని మెల్లగా లోపలికి వదులుతూనే ఉంటుంది. ద్రవం మారినప్పుడల్లా రబ్బరూ మారింది. సహజ రబ్బరు పోయి కృత్రిమ రబ్బర్లు వచ్చాయి, 1960ల తర్వాత ఇ.పి.డి.ఎం. రకం స్థిరపడింది. ఆ మార్పుకు ముందటి హోసులోకి ఇవాళ్టి డాట్ 4 పోసేవాడు ఒక కాలపు ద్రవాన్ని ఇంకో కాలపు రబ్బరుకు అప్పజెబుతున్నట్టే.

ఇంత బలహీనమైన లంకె మీద ప్రాణాలు పెట్టొద్దన్నవాళ్లు అప్పుడే ఉన్నారు. హెన్రీ ఫోర్డ్ 1938 మోడళ్ల దాకా కడ్డీల, తీగల బ్రేకులే వాడాడు. పెడల్ నుంచి చక్రం దాకా అంతా ఉక్కేనని ఆయన కంపెనీ గొప్పగా చాటుకుంది. 1936లో షెవర్లే హైడ్రాలిక్‌కు మారినా ఆయన కదల్లేదు, 1939 మోడళ్లకు గానీ ఒప్పుకోలేదు. ఇది ముసలాయన మొండితనం అని చరిత్రలు తేల్చేశాయి. ఆ తీర్పు పూర్తిగా న్యాయం కాదనిపిస్తుంది. అప్పటి హైడ్రాలిక్ బ్రేకు మొత్తం ఒకే వలయం. ఒక్క హోసు పగిలితే నాలుగు చక్రాల బ్రేకులూ ఒకేసారి పోతాయి. కడ్డీ ఒకటి విరిగితే మిగతావి ఉంటాయి. రోల్స్ రాయిస్ కూడా యుద్ధం తర్వాత తీసుకొచ్చిన సిల్వర్ రెయిత్‌లో ముందు చక్రాలకు హైడ్రాలిక్ పెట్టి, వెనక చక్రాలకు కడ్డీలే ఉంచింది. మన బండ్లలో చాలావాటికి చేతి బ్రేకు నేటికీ విడిగా తీగతో ఉండడం ఆ అపనమ్మకానికి మిగిలిన గుర్తే. చివరికి హైడ్రాలిక్ గెలిచింది నిజమే. అయితే రబ్బరు మీద నమ్మకం కుదిరి గెలవలేదు. 1962 మోడళ్లలో క్యాడిలాక్, అమెరికన్ మోటార్స్ రెండు వలయాల మాస్టర్ సిలిండరు తెచ్చాయి. ఒక వలయం చచ్చినా రెండోది బండిని ఆపుతుంది. ఆ దశాబ్దం ముగిసేలోపు అమెరికా కార్లన్నిటికీ అది తప్పనిసరైంది. ఇంజనీర్లు ఫోర్డ్ భయాన్ని కొట్టిపారెయ్యలేదు, దాన్ని డిజైన్‌లోకి చేర్చుకున్నారు. హోసు ఏదో ఒకరోజు పగులుతుంది, పగిలిన రోజు మనిషి బతకాలి అన్నదే లెక్క. మొదటి తరాల అంబాసిడర్, ఫియట్ యజమానులకు ఆ లెక్క అందలేదు. వాళ్ల బండ్లలో ఉన్నది ఒక్క వలయమే.

తయారీదారులు హోసు మీద ఎంత తక్కువ నమ్మకం పెట్టుకున్నారో వాళ్ల సొంత కాగితాలే చెబుతాయి. 1970ల నాటి బ్రిటిష్ ఎం.జి.బి. కారుతో యజమానికిచ్చే పుస్తకం తెరిస్తే బ్రేకు ఆయిల్ ప్రతి 18 నెలలకో 24,000 మైళ్లకో పూర్తిగా మార్చమని ఉంటుంది. సిలిండర్లలోని సీళ్లనూ హోసులన్నిటినీ 3 ఏళ్లకో 40,000 మైళ్లకో పరీక్షించి, అవసరమైతే మార్చేయమని ఉంటుంది. మూడేళ్లు! తన గొట్టానికి తానే అంత తక్కువ ఆయువు రాసిన కంపెనీ, అదే గొట్టాన్ని యాభై ఏళ్ల తర్వాత ఎవరో ‘ఫ్యాక్టరీ ఫిట్టింగ్’ అని మురిసిపోతారని ఊహించి ఉండదు. అమెరికాలో 1968 నుంచి అమల్లోకి వచ్చిన 106వ నంబరు భద్రతా ప్రమాణం పూర్తిగా ఈ హోసుల గురించే. దాని ప్రకారం హోసును ఒక యంత్రానికి బిగించి, లోపల ఒత్తిడి ఉంచి, 35 గంటలు ఆపకుండా కొరడాలా ఊపుతారు, పగలకూడదు. చదరపు అంగుళానికి 4,000 పౌండ్ల ఒత్తిడిని 2 నిమిషాలు తట్టుకోవాలి. గట్టిగా బ్రేకు తొక్కినప్పుడు రోడ్డు మీద కలిగే ఒత్తిడి సుమారు 1,000 దగ్గర ఉంటుంది కాబట్టి ఇందులో చాలా మార్జిన్ ఉంది. తర్వాత చేరిన ఇంకో నిబంధన నాకు ఎక్కువ అర్థవంతంగా తోస్తుంది. గొట్టం తయారైన నెల, సంవత్సరం దాని మీదే అచ్చు వేయాలి. స్టీరింగు చక్రం మీద తేదీ ఉండాలని ఎవరూ అడగలేదు. మందు సీసా మీదా హోసు మీదా తేదీ ఉంటుంది.

మరి మన దగ్గర హోసు శాశ్వత భాగం ఎలా అయింది? దీనికి జవాబు రబ్బరులో లేదు, ఆర్థిక చరిత్రలో ఉంది. సొంతంగా తయారీ చేపట్టకుండా విడిభాగాలు తెచ్చి బిగించి అమ్మే కంపెనీలు మూటాముల్లె సర్దుకోవాలని 1953లో ప్రభుత్వం తేల్చేసింది. జనరల్ మోటార్స్, ఫోర్డ్ వెళ్లిపోయాయి. కార్లలో మిగిలిన ముఖ్యులు బెంగాల్ ఉత్తర్‌పారాలో హిందుస్థాన్ మోటార్స్, బొంబాయి కుర్లాలో ప్రీమియర్, మద్రాసులో స్టాండర్డ్. ఇంగ్లండులో మారిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3గా 1956లో పుట్టిన కారు ఇక్కడ 1957లో అంబాసిడర్‌గా మొదలై 2014 దాకా తయారైంది. ఫియట్ 1100 పేర్లు మార్చుకుంటూ ప్రీమియర్ పద్మినిగా కొత్త శతాబ్దం గుమ్మం దాకా వచ్చింది. కారు బుక్ చేసి ఏళ్ల తరబడి ఎదురుచూసే రోజుల్లో బండి అమ్మేయడం, పారేయడం అన్న ఆలోచనే లేదు. విడిభాగాల పరిశ్రమ కూడా వెనకే పెరిగింది. టి.వి.ఎస్. వాళ్లు ఇంగ్లండు కంపెనీతో కలిసి 1962లో మద్రాసు పాడిలో బ్రేక్స్ ఇండియా పెట్టారు. విజయవాడలో జవహర్ ఆటోనగర్ లాంటి చోట్ల లారీకీ కారుకూ దేన్నైనా బాగుచేయగల పనితనం పేరుకుంది. అయితే ఆ పనితనానికి ఒక అలవాటు అంటుకుంది: కారినప్పుడు బాగుచెయ్, లేదంటే ముట్టుకోకు. వీల్ సిలిండరు కప్పు పోతే డ్రమ్ము తడుస్తుంది, కనబడుతుంది, కిట్టు వేస్తారు. హోసు లోపల మూసుకుపోతే బయట ఏమీ కారదు. దాన్ని తుడిచి, మళ్లీ అదే బిగిస్తారు. మేస్త్రీల తప్పు అందామా అంటే, గిరాకీదారే ‘బాగానే ఉందిగా, దానికెందుకు డబ్బులు’ అనే కాలం అది. కొరతలో అది తెలివైన పొదుపే. కొరత తీరాక కూడా అదే అలవాటు పాత బండిని కాపాడడం అనే పేరుతో కొనసాగడమే విడ్డూరం.

‘చూడ్డానికి బాగానే ఉంది, నలభై ఏళ్లుగా పనిచేస్తోంది’ అన్న వాదనకు హోసును అడ్డంగా కోసి చూపించడం ఒక్కటే సరైన జవాబు. లోపల సన్నని రబ్బరు నాళం, దాని చుట్టూ దారంతో అల్లిన జాలీ, పైన ఎండా వానా తట్టుకునే రబ్బరు తొడుగు. జాలీకి ఒకప్పుడు నూలు, రేయాన్ వాడారు, తర్వాత గట్టి కృత్రిమ దారాలు వచ్చాయి. ఒత్తిడి మోసేది జాలీ, ద్రవాన్ని ఆపేది లోపలి నాళం, మన కంటికి కనబడేది తొడుగు. మనం పరీక్షించేది మూడింటిలో తక్కువ పనిచేసేదాన్ని! తొడుగు మీద పగుళ్లు గొట్టాన్ని వంచితేనే తెలుస్తాయి. నాళం సంగతి వంచినా తెలియదు. ఏళ్లు గడిచేకొద్దీ నాళం లోపలికి ఉబ్బి దారి సన్నబడుతుంది, ఒక్కోసారి చిన్న పొర లేచి రెక్కలా వేలాడుతుంది. కాలితో తొక్కిన బలానికి ద్రవం ఆ రెక్కను తోసుకుని చక్రం దాకా పోతుంది. కాలు తీశాక వెనక్కి రావడానికి షూల స్ప్రింగు బలం తప్ప ఇంకేమీ లేదు, రెక్క దాన్ని ఆపేస్తుంది. ఆ చక్రం బ్రేకు వదలదు, డ్రమ్ము కాలిపోతుంది, బండి ఓ పక్కకు లాగుతుంది. కాసేపు ఆగితే మెల్లగా వదులుతుంది, అంతా బాగుపడినట్టు అనిపిస్తుంది. వీల్ సిలిండరు పట్టేసిందని మారుస్తారు, షూలు మారుస్తారు, జబ్బు పోదు. మామూలుగా జరిగే ఇంకో మార్పు, రబ్బరు మెత్తబడి తొక్కినప్పుడల్లా హోసు కాస్త ఉబ్బడం. పెడల్ స్పాంజిలా ఉంటుంది, గొట్టాల్లో చేరిన గాలిని ఎన్నిసార్లు తీసినా అంతే. ఈ రెండు లక్షణాల్లో దేనికీ చుక్క కారనక్కర్లేదు.

సరే, మార్చాలి, కానీ ఇంట్లోనా? బ్రేకులతో ప్రయోగాలు వద్దు, మెకానిక్కుకే ఇవ్వాలి అన్న అభ్యంతరం తేలిగ్గా కొట్టెయ్యదగినది కాదు. ఒక సంగతి చూడాలి. తన బ్రేకులకు తనే గాలి తీసుకోవడం, హోసులు సరిచూసుకోవడం యజమాని పనేనని ఆ బండ్లతో వచ్చిన పుస్తకాలు అనుకున్నాయి, బొమ్మలతో సహా చెప్పాయి. బ్రిటన్‌లో జాన్ హేన్స్ 1966లో ఆస్టిన్ హీలీ స్ప్రైట్ కారు మీద తన పేరిటి మాన్యువల్ తెచ్చినప్పుడు, ఇంటి ముందు పానా పట్టుకునే ఆ అలవాటునే నమ్ముకుని ఒక పెద్ద వ్యాపారం కట్టాడు. మన దగ్గర డ్రైవరూ మేస్త్రీ ఉన్నారు కనుక యజమాని కిందికి వంగలేదు. అది సామాజిక కారణం, సాంకేతిక కారణం కాదు. పనిని దగ్గరగా చూస్తే ఎక్కడ జాగ్రత్త కావాలో తెలుస్తుంది. జాకీ మీద వదలకుండా బండిని గట్టి స్టాండ్ల మీద నిలబెట్టాలి. ఇటుకలు పనికిరావు. హోసు షడ్భుజాన్ని ఒక పానాతో కదలకుండా పట్టుకుని, ఇంకో పానాతో ముందు ఇనుప పైపు నట్టు విప్పాలి. ఆ తర్వాతే బ్రాకెట్టు దగ్గరి లాక్ నట్టు, చివర్న వీల్ సిలిండరు వైపు. బిగించేటప్పుడు ఇదంతా తిరగేసి: సిలిండరు వైపు కొత్త రాగి వాషరుతో ముందు బిగించి, మెలి లేకుండా వేలాడనిచ్చి, అప్పుడు బ్రాకెట్టులో నిలపాలి. ఈ వరస తప్పితే కొత్త హోసు మెలికపడి మొదటి రోజునుంచే ఇబ్బంది పడుతుంది. పిదప స్టీరింగు ఈ కొస నుంచి ఆ కొసకు తిప్పి టైరుకు గానీ స్ప్రింగుకు గానీ రాసుకోవడం లేదని చూడాలి. మాస్టర్ సిలిండరుకు అన్నిటికన్నా దూరపు చక్రంతో మొదలుపెట్టి గాలి తీయాలి. చిందిన బ్రేకు ఆయిల్ పెయింటును లేపేస్తుంది కనుక పక్కన నీళ్ల బకెట్టు ఉంటే మంచిది.

ప్రమాదం ఎక్కువగా పొంచి ఉన్నది ఈ వరసలో కాదు, మరల దగ్గర. బ్రిటిష్ బండ్ల బ్రేకు పైపుల్లో తరచు కనబడేది అంగుళంలో 3/8 వంతు వ్యాసం, అంగుళానికి 24 చుట్లు ఉన్న మర. ఫియట్ వంశం మెట్రిక్ కొలతలది, 10 మిల్లీమీటర్ల వ్యాసం, 1 మిల్లీమీటరు చుట్టు. మొదటిది మిల్లీమీటర్లలో సుమారు 9.5. పక్కపక్కన పెడితే కళ్లు మోసపోతాయి. బ్రిటిష్ నట్టు మెట్రిక్ రంధ్రంలోకి కాస్త వదులుగా దూరి, కొన్ని చుట్లు పట్టినట్టే పట్టి, గట్టిగా తొక్కినప్పుడు ఊడొస్తుంది. బజారులో పెట్టెలోంచి తీసిచ్చిన హోసును చేతితోనే మూడు నాలుగు చుట్లు తిప్పి చూడడం, తేడా అనిపిస్తే బిగించకుండా ఆగిపోవడం తెలిసినవాడు ఈ పనికి అర్హుడు. తుప్పుకు నట్టుతో పాటు ఇనుప పైపే మెలికపడుతుంటే అక్కడ ఇంటిపని ముగిసినట్టే. పైపు చివర విప్పారేలా చేసే పని పనిముట్లూ అనుభవమూ ఉన్నవాడిదే, మేస్త్రీని పిలవాల్సిందే. మరి ఇంటి పనిని ఎందుకు సమర్థిస్తున్నానంటే, దీని ఫలితాన్ని రోడ్డెక్కకముందే నిక్కచ్చిగా పరీక్షించవచ్చు. బండి కదలకుండా పెడల్‌ను ఒక నిమిషం పాటు బలమంతా పెట్టి తొక్కి ఉంచి, ఇంకొకరిచేత ప్రతి కీలు చుట్టూ తెల్ల కాగితంతో తుడిపించితే, కారేది ఉంటే అప్పుడే తెలుస్తుంది. రోజుకు నాలుగు బండ్లు చూడాల్సిన వర్క్‌షాపులో ఈ నిమిషం దొరకడం కష్టం. యజమానికి దొరుకుతుంది.

ఒరిజినాలిటీ వాదనకు మన చట్టం కూడా అండగా లేదు. 2021లో కేంద్ర రవాణా శాఖ వింటేజి వాహనాల రిజిస్ట్రేషనుకు నిబంధనలు తెచ్చింది. యాభై ఏళ్లు దాటిన వ్యక్తిగత వాహనాలు అసలు రూపంలో ఉంటే నంబరులో ‘వి.ఎ.’ అక్షరాలతో గుర్తింపు వస్తుంది, ప్రదర్శనలకూ ర్యాలీలకూ పెట్రోలుకూ మరమ్మతుకూ ఇలాంటి కొద్ది పనులకూ తప్ప రోడ్డెక్కకూడదు. పెద్ద మార్పు జరిగిందా అని ఆ నిబంధన చూసేది ఛాసిస్, బాడీ, ఇంజను విషయంలో. హోసు మార్చినంత మాత్రాన అసలు రూపం పోయిందని అది చెప్పదు, చెప్పగలదని కూడా నేననుకోను. స్టీలు తీగ అల్లిన టెఫ్లాన్ హోసులు పెట్టడం మీద మాత్రం నాకు కొంత సంకోచం ఉంది. పెడల్ గట్టిపడుతుంది, తేమ తక్కువ చొరబడుతుంది, రేసు కార్లలో వాటికి మంచి పేరుంది. కానీ ఆ మెరుపు జాలీ రాసుకున్న చోట పెయింటును, పక్క పైపును రంపంలా కోస్తుంది. జాలీ కింద ఏం జరుగుతోందో అసలే కనబడదు. నాలుగు డ్రమ్ము బ్రేకుల అంబాసిడర్‌కు తేదీ ముద్ర ఉన్న మంచి రబ్బరు హోసు చాలు, దాని తీరుకు అదే దగ్గర కూడా.

మిగిలింది పాత కార్లు సేకరించేవాళ్ల ఆఖరి వాదన: కంపెనీ పెట్టెలో, కాగితం కూడా విప్పని 1960ల నాటి హోసు దొరికితే? వాడని సరుకు కదా, కొత్తదే కదా అంటారు. రబ్బరు ముసలిదవడానికి బండి తిరగనక్కర్లేదు. గాలిలో ఓజోనుకు, ఎండాకాలం గోడౌను వేడికి అల్మారాలో కూర్చుని కూడా గట్టిపడుతుంది, పగులుతుంది. ఆనాటి రబ్బరు ఆనాటి ద్రవానికి తయారైంది. ఇప్పుడు షాపులో దొరికే ఆయిల్‌తో అది ఎలా ఉంటుందన్నదానికి పెట్టె మీద పేరు హామీ ఇవ్వలేదు. ఆ పెట్టెకు విలువ లేదనను. ర్యాలీలో బానెట్ తెరిచి నిలబెట్టినప్పుడు పక్కన బల్ల మీద పెడితే చూసేవాళ్లకు చాలా చెబుతుంది. బండికి బిగించేది మాత్రం ఈ ఏడాదో నిరుడో తయారైందై ఉండాలి. బిగించిన తేదీ, కిలోమీటర్లు సర్వీసు పుస్తకంలో రాసుకుంటే మళ్లీ ఎప్పుడు మార్చాలో తెలుస్తుంది.